థాక్స్టన్‌గారి వంటింట్లో మరచెంబు

ఇలా వచ్చి కూచోమ్మా ఇషితా, ఇప్పట్నుంచే క్యూలో నుంచుని ఏం చేస్తావు? మన టైమ్ స్లాట్ రెండున్నరకన్నావుగా. రెస్ట్‌రూమ్ దగ్గర జనాన్ని చూశావా? మీ అమ్మ ఆ వీల్‌చైర్ తోసుకుంటూ మీ అమ్మమ్మని వెనక్కి తీసుకొచ్చేసరికి ఎంత లేదన్నా ఇరవై నిమిషాలు. ఆ నీలం సంచులు బూట్లకి ఇప్పుడే తొడుక్కోకు, జారతావు. పోయినేడు నేను జారితే తలుపు దగ్గర శాంటా స్వెటర్ వేసుకుని నుంచుందే, ఆ ముసలావిడే పట్టుకుంది. నాకు డెబ్భై తొమ్మిది, ఆవిడకి నాకంటే ఎక్కువే ఉంటాయి. 'వెల్కమ్ బ్యాక్, మిస్టర్ గోపాల్' అంటుంది చూడు నన్ను చూడగానే. అనదా మరి? ఇవాళ్టితో నలభై నాలుగోసారి రావడం. నవ్వకు. తిరుపతి నా జన్మకి నాలుగుసార్లు వెళ్ళాను. ఈ థాక్స్టన్‌గారింటికి మాత్రం ఏటేటా డిసెంబర్లో హాజరు. కోవిడ్ ఏడాది ఒక్కటే తప్పింది, అదీ వాళ్ళే మూసుకున్నారు గనక. ఈ అలవాటు చేసింది మీ తాతయ్య, పద్మనాభం. నువ్వు పుట్టిన మూడేళ్ళకి పోయాడు, నీకు గుర్తుండడు. ఆయన సంగతే చెబ్దామని కూచోమన్నాను. మీ అమ్మమ్మ వచ్చేలోపు చెప్పెయ్యాలి, ఆవిడ ముందు చెప్పేది కాదు.

అప్పుడు ఈ ట్రాయ్ ఊళ్ళో మనవాళ్ళు ఎంతమందిరా అంటే, ఫోన్ నంబర్లన్నీ కలిపి ఒక కాగితం వెనక వైపు పట్టేవి. నేనొచ్చి ఏడాదిన్నర. మీ తాతయ్య నాకంటే ముందొచ్చాడు, ఆఫీస్‌లో నా గ్రూప్ లీడర్. గోదావరి మనిషి, ఆరడుగులుండేవాడు. ఎదుటివాడు ఎవరైనా సరే 'అండి' లేకుండా మాట రాదు, కాఫీ మెషీన్‌తో కూడా 'రావేంటండి' అనేవాడు. నా గ్రీన్‌కార్డ్‌కి ఎక్స్‌పీరియెన్స్ లెటర్ రాయాల్సింది ఆయనే. ఈ మాట గుర్తుపెట్టుకో, తర్వాత పనుంది. సరే, ఆ రోజుల్లో క్రిస్మస్ వారం వచ్చిందంటే కార్ల ప్లాంట్లు మూసేసేవాళ్ళు, ఆఫీస్ లేదు, దుకాణాలు లేవు, బయట మోకాలిలోతు మంచు. దేశం దేశం మొత్తం తలుపులేసుకుని లోపల పండగ చేసుకుంటుంటే మనం అపార్ట్‌మెంట్ కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ కూచునేవాళ్ళం. అల్లాంటప్పుడు మీ తాతయ్య పేపర్లో చూశాడు. కార్ హారన్లు చేసి కోట్లు గడించిన థాక్స్టన్ అనే ఆయన ఇల్లు, డెబ్భై గదులు, పండగ అలంకారాలతో పదిరోజులు జనానికి చూపిస్తారని. 'గోపాల్‌గారూ, వాళ్ళింటికి పిలిచారండి, వెళ్ళకపోతే బాగుండదండి' అన్నాడు. పిలిచిందెవరు, ఇల్లెవరిది, ఆ థాక్స్టన్ పోయి అప్పటికే ముప్పై ఏళ్ళు! అయినా ఈయన సూటేసుకున్నాడు. ఒకరింటికి ఉత్తచేతులతో వెళ్ళకూడదని ఆపిల్ పళ్ళు డజను పట్టుకొచ్చి, టికెట్ల దగ్గర అమ్మాయికిచ్చాడు. ఆ పిల్ల పళ్ళ వంకా మా వంకా చూసి, ఏం చెయ్యాలో తెలీక, 'మెర్రీ క్రిస్మస్' అంది.

ఆడవాళ్ళు రాలేదు. మీ అమ్మమ్మకి ఎనిమిదో నెల, మీ అమ్మ కడుపులో ఉంది. మా ఆవిడ విద్య ఆవిడకి తోడు కూచుంది. తోడంటే ఊరికే కూచోడం కాదు. వంట, గిన్నెలు, బట్టలు, కాళ్ళకి నూనె, అన్నీ. ఇద్దరూ అక్కాచెల్లెళ్ళకంటే ఎక్కువ. 'విద్య లేకపోతే ఈ మంచులో చచ్చేదాన్ని గోపాల్‌గారూ' అనేది మీ అమ్మమ్మ. నీకు ఆశ్చర్యంగా ఉందా? మీ ఇంట్లో మా విద్య పేరు ఎప్పుడూ విని ఉండవు. దానికే వస్తున్నాను, ఉండు.

మీ తాతయ్యకి చన్నీళ్ళు పడవు, పొడిదగ్గు. ఎక్కడికెళ్ళినా శొంఠి వేసి కాచిన నీళ్ళు వెంట ఉండాలి. ఆ వేళ ఫ్లాస్కు పగిలిందో ఏమో, వంటింట్లో చూసి మరచెంబు తీశాడు. మరచెంబంటే ఎల్లా చెప్పను, ఇత్తడిది, మూత మర తిప్పి బిగిస్తారు, రైళ్ళలో నీళ్ళు పట్టుకెళ్ళేవాళ్ళం. అది మీ అమ్మమ్మకి వాళ్ళ నాన్న పాపయ్యగారు పెళ్ళికి ఇచ్చింది. ఆయన ఆ ఏడాదే పోయాడు, ఈవిడ వెళ్ళలేకపోయింది. గర్భిణీ మనిషి, పైగా వీసా స్టాంపింగ్ గొడవ. ఆ చెంబొకటే మిగిలింది ఆయన గుర్తు. మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించాడాయన, మన తెలుగులో, 'చి.ల.సౌ. అనురాధకు, నాన్న పాపయ్య' అని. పెళ్ళి సామానుమీద పేరు కొట్టించకుండా ఇచ్చేవాళ్ళే లేరప్పుడు. దాన్ని అడక్కుండా పట్టుకొచ్చాడు మహానుభావుడు. తలుపు దగ్గర గైడమ్మ 'నో ఫుడ్, నో డ్రింక్స్ ప్లీజ్' అంది. ఈయన గబుక్కున చెంబుని ఓవర్‌కోటు లోపల చంకలో దోపాడు. నాతో కూడా చెప్పలేదు. క్రిస్మస్ చెట్టు చూశాం, ఇరవై అడుగులు, రెండంతస్తులు. జింజర్‌బ్రెడ్‌తో ఈ ఇల్లే చిన్నగా కట్టారు, అదీ చూశాం. ఎవరో పియానో వాయిస్తుంటే తల ఊపాం. వంటింటికొచ్చేసరికి మీ తాతయ్య నడకలో ఏదో తేడా. మర సరిగ్గా బిగించలేదుట. వేణ్ణీళ్ళు కారుతున్నాయి, చొక్కా, ఆ కింద ప్యాంటు. నేను చూశాను తల్లీ. ముప్పై ఎనిమిదేళ్ళకే ఈయనకిదేం జబ్బురా దేవుడా అనుకున్నాను. అడగడానికి మొహమాటం, అటు తిరిగి పొయ్యి చూస్తూ నుంచున్నాను. ఆ సందులో ఆయన చెంబు తీసి, గోడకి అల్మారా ఉంటుంది చూడు, రాగి గిన్నెలూ ఇత్తడి సామానూ వరసగా పెట్టి, వాటి మధ్యన పెట్టేశాడు. వెళ్ళేటప్పుడు తీసుకోవచ్చులే అని.

అక్కడ చేశాడు పొరపాటు. మనిల్లయితే వచ్చిన గుమ్మంలోంచే బయటికి పోతాం. మ్యూజియంవాళ్ళకి ఆ పద్ధతి లేదు. వంటింటి వెనక తలుపులోంచి అద్దాల గదిలోకి తోలి, అట్నుంచటే పార్కింగ్‌లోకి పంపించేశారు, వెనక్కి తిరగనివ్వరు. ఏవని అడుగుతాడు? నేనిక్కడ దొంగతనంగా నీళ్ళు తెచ్చుకున్నాను, చెంబిమ్మని అడుగుతాడా? గ్రీన్‌కార్డ్ ఇంకా చేతికి రాలేదు, యూనిఫాం వేసుకున్న పోస్ట్‌మాన్‌ని చూసినా గుండె దడే. మర్నాడు వెళ్ళాడుట ఒక్కడే. గేటుకి తాళం, మళ్ళీ వచ్చే డిసెంబర్ దాకా తీయరని బోర్డు. సరే, ఇంటికొచ్చి నోరు మూసుకున్నాడు. జనవరిలో మీ అమ్మ పుట్టింది. ఇక్కడ హాస్పిటల్ నుంచి కదలనివ్వకముందే పేరు రాసి ఇవ్వాలి కదా, మీ అమ్మమ్మ నా పెళ్ళాం చెయ్యి పట్టుకుని, 'నాకు తల్లిలా చేశావు విద్యా, దీనికి నీ పేరే' అని శ్రీవిద్య అని రాయించింది. ఇరవై ఒకటో రోజున బారసాల. పీటల దగ్గర వాళ్ళ నాన్న బదులు నాన్న చెంబుండాలని మీ అమ్మమ్మ కోరిక. వెతికితే లేదు. అల్మారాలు, సూట్‌కేసులు, మంచం కింద, ఎక్కడా లేదు. రెండు నెలలుగా ఆ వంటింట్లో మసిలింది ఎవరు? మా విద్య ఒక్కతే. పైకి ఎవరూ ఏమీ అన్లేదు. మీ తాతయ్య అక్కడే ఉన్నాడు, లోపల థర్మల్స్, పైన పట్టుపంచె. 'ఎక్కడికి పోతుందండి, కనపడుతుందిలెండి' అన్నాడు. ఆ ఒక్క మాటే, ఇంకేం లేదు.

రెండు వారాలకి మీ అమ్మమ్మ పిల్లని చూపిద్దామన్నట్టు మా అపార్ట్‌మెంట్‌కొచ్చింది. మంచినీళ్ళు తాగుతానని లోపలికెళ్ళింది. ఎంతసేపటికీ రాదు. విద్య వెళ్ళి చూస్తే, కింద అల్మారా తీసి గిన్నెలు ఒకటొకటి తిరగేసి చూస్తోంది. మా విద్యకి చెంబుమీద పేర్లు కొట్టించే వైభవం లేదులే, ఇక్కడ కొన్న గిన్నెలన్నిటికీ అడుగున గుర్తుకని ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టుకునేది. అది చూసి, తనే కూచుని, పైవీ కిందవీ ఉన్న గిన్నెలన్నీ, గరిటెలతో సహా, తీసి వంటింటి నేలమీద బోర్లించింది. అడుగులన్నీ పైకి. అన్నీ ఎర్ర చుక్కలు. 'చూసుకో అక్కా. ఒక్కటీ వదలకుండా చూసుకో' అంది. నేనా? నేను హాల్లో సోఫాలో ఉన్నాను. లేచాను కూడా. ఏం చెయ్యాలో తెలీక మళ్ళీ కూచున్నాను.

అంతే, ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్య 'బాగున్నావా' అంటే 'బాగున్నా', అదీ నలుగురిలో ఉంటేనే. మీ అమ్మమ్మ మీ అమ్మని ఏమని పిలుస్తుంది? చిన్నీ అనేగా? నలభై మూడేళ్ళొచ్చిన మనిషిని చిన్నీ అని ఎందుకంటుందో ఎప్పుడైనా అడిగావా? ఆ పేరు నోటికి రాక. సర్టిఫికెట్‌మీద పడిపోయింది, మార్చాలంటే కోర్టుకెళ్ళాలి. ఇక మా విద్య సంగతి. ఆ రోజు నుంచి ఎవరింట్లో పాట్‌లక్ అయినా వండింది గిన్నెలో తీసుకెళ్ళలేదు. పులిహోర, గుత్తివంకాయ, ఏదైనా సరే అల్యూమినియం ట్రేలో పెట్టి తీసుకెళ్ళి, అక్కడే వదిలేసి, రెండు చేతులూ ఊపుకుంటూ ఇంటికొచ్చేది. వాళ్ళింట్లోంచి ఏదీ తన చేతిలో తిరిగి రాకూడదని. అందరూ 'విద్యగారు భలే మోడర్న్' అనుకుని నేర్చుకున్నారు. ఇవాళ ట్రాయ్ మొత్తం ఫాయిల్ ట్రేలే కదా. దాని వెనక కథ ఇది.

మళ్ళీ డిసెంబర్ వచ్చింది. మీ తాతయ్య నన్ను లాక్కుని పొద్దున్నే ఇక్కడికొచ్చాడు. వంటింట్లో అల్మారా దగ్గర ఆగిపోయాడు. చూస్తే చెంబు! మెరిసేట్టు తోమి, మెడకి ఎర్ర రిబ్బను కట్టి, ముందు ఒక కార్డు పెట్టారు. 'శ్రీమతి థాక్స్టన్ తూర్పుదేశాల యాత్రలో సేకరించిన పూజా పాత్ర, 1911' అని. అప్పుడు నా చెయ్యి పట్టుకుని మొత్తం చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. 'ఇప్పుడే వెళ్ళి అడుగుదాం పదండి, మా ఆవిడ ఏడాదిగా...' అన్నాను. 'గోపాల్‌గారూ, మా మామగారు అరవై ఎనిమిదిలో కొన్నారండి. వీళ్ళు పందొమ్మిదొందల పదకొండంటున్నారు. వీళ్ళ వస్తువు కాజెయ్యడానికొచ్చామంటారండి. ఒక్క ఏడాది ఆగండి, మన పేపర్లు కానివ్వండి, నేనే చెప్తాను అనురాధకి, ఒట్టండి' అన్నాడు. మన పేపర్లు అన్నాడు చూడు. నా లెటర్ ఆయన డ్రాయర్లో ఉంది, సంతకం ఇంకా కాలేదు. నేను ఆగాను.

తర్వాతి ఏడు ఇంకా అన్యాయం. మేం అక్కడ నుంచుంటే గైడమ్మ, ఇప్పుడున్నావిడ కాదు, వేరే ఆవిడ, ఎంత మర్యాదగానో అడిగింది. 'మీరు ఇండియా నుంచా? దీనిమీద ఏం రాసుందో మీకు చదవడం వచ్చా?' అని. చూడు తల్లీ, దేవుడు ఇంతకంటే ఏం చేస్తాడు చెప్పు, తలుపు తీసి పట్టుకున్నాడు. మీ తాతయ్య జేబులోంచి కళ్ళజోడు తీసి, పెట్టుకుని, వంగి, తన మామగారి పేరు చదివి, 'ఇట్ ఈజ్ ఎ ప్రేయర్, మేడమ్. వెరీ ఏన్షెంట్. ఫర్ పీస్ ఇన్ ది హౌస్' అన్నాడు. భయంలో ఏది నోటికొస్తే అదే. ఆవిడ రాసుకుంది. మర్నాటికల్లా కార్డు మారింది. ఇప్పటికీ అదే కార్డు, నువ్వే చూస్తావు, ఇంటిలో శాంతి కోసం ప్రాచీన ప్రార్థన అని. ఎవరింట్లో శాంతి!

నా గ్రీన్‌కార్డొచ్చింది, ఆయనదీ వచ్చింది, సిటిజన్లం కూడా అయ్యాం. ఆయన చెప్పలేదు. ముందు భయం, తర్వాత సిగ్గు, ఆ తర్వాత, నిజం చెప్పనా, కాస్త గర్వం కూడా. ఇండియా నుంచి ఎవరొచ్చినా, కొత్తగా ఎవరు చేరినా, క్రిస్మస్‌కి అందర్నీ థాక్స్టన్‌గారింటికి తీసుకొచ్చేవాడు. వచ్చినవాళ్ళందరికీ తెలుగు చదవడం వచ్చుగా మరి? అందుకని వంటింట్లోకి అందరికంటే ముందు దూరి, ఆ అల్మారాకి వీపు ఆనించి, ఆ పొడుగాటి కోటుతో అడ్డంగా నుంచుని, అక్కడున్న పాతకాలపు ఐస్‌బాక్స్ ఎల్లా పనిచేస్తుందో లెక్చరిచ్చేవాడు. మీ అమ్మమ్మ వస్తానంటే 'మెట్లెక్కువండి, నీ మోకాళ్ళు తట్టుకోవండి' అనేవాడు. మా ఆవిడ వస్తానంటే చలని నేను చెప్పేవాణ్ణి. ఈ ఇంట్లో వీల్‌చైర్లకి లిఫ్ట్ పెట్టి ముప్పై ఏళ్ళయింది. ఆయన పోయాక అడ్డం నుంచునే డ్యూటీ నాకొచ్చింది. ఐదడుగుల నాలుగంగుళాల మనిషిని, నా తలమీంచి హాయిగా చదవొచ్చు. ఒక్కళ్ళూ చదవలేదు. ఇప్పటి పిల్లలు సెల్ఫీ తీసుకుని పోతారు.

ఎందుకు చెప్పలేదని అడగబోతున్నావు, నీ మొహమే చెబుతోంది. మొదటి ఏడాదే చెబితే ఆయన దోషి. రెండో ఏడు నుంచి ఇద్దరం. ఇరవై ఏళ్ళు పోయాక విద్యకి చెప్పాలంటే, ఆ గిన్నెలన్నీ నేలమీద బోర్లించిన మనిషికి, 'నాకు ఎప్పట్నుంచో తెలుసు' అని కూడా చెప్పాలి. అది రాలేదమ్మా నోటికి. పక్కనే పడుకునేవాణ్ణి, పక్కనే కూచుని తినేవాణ్ణి. ఏటా డిసెంబర్లో 'ఎలా ఉంది మీ బంగళా?' అని అడిగేది. 'అలాగే ఉంది' అనేవాణ్ణి.

నాలుగేళ్ళ క్రితం, విద్య చివరి రోజులకని హాస్పిస్‌లో ఉన్నప్పుడు, ఒకరోజు మధ్యాహ్నం బాగానే ఉంది. జావ తాగింది, కిటికీ తెర తీయమంది. ఉన్నట్టుండి, 'ఏవండీ, ఆ చెంబు ఎప్పటికైనా దొరికితే, నేను కాదని అక్కకి చెప్పండి' అంది. నలభై ఏళ్ళ తర్వాత. నేను సరేనన్నాను. దొరికిందే అని చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. సరేనన్నానంతే. మూడోరోజు పోయింది. ఫ్యూనరల్‌కి మీ అమ్మమ్మ వచ్చింది, నువ్వూ ఉన్నావేమో. నా దగ్గరకొచ్చి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, 'నా మనసులో ఏం లేదు గోపాల్‌గారూ, విద్యని ఎప్పుడో క్షమించేశాను' అంది. నేనేమన్నానో తెలుసా? 'థాంక్స్ వదినా' అన్నాను. చేతులు జోడించి మరీ అన్నాను.

ఏడవకు, ఏడవకు. కోప్పడు, దానికి అర్థముంది. కాదు, మీ తాతయ్య మీద మాత్రమే కాదు. ఆయన మంచివాడమ్మా, ఎంతమందికి ఉద్యోగాలిప్పించాడో, ఎవరి కారు మంచులో కూరుకుపోయినా పార పట్టుకుని వెళ్ళేవాడు. ఒక చెంబు అడగలేకపోయాడు, అంతే. నేను ఒక మాట చెప్పలేకపోయాను. ఈ నాలుగేళ్ళూ ఫోన్‌లో చెబ్దామా, ఇంటికొచ్చి చెబ్దామా అనుకుంటూ గడిపాను. నా మాట నమ్మదు ఆవిడ, పెళ్ళాం మీద అభిమానంతో కల్పించాడంటుంది. వాళ్ళ నాన్న రాయించిన అక్షరాలు నమ్ముతుంది. అందుకే నీకు ఫోన్ చేసి టికెట్లు బుక్ చెయ్యమన్నాను, ఎప్పుడూ లేనిది. విను, వంటింట్లోకెళ్ళగానే నువ్వు కుర్చీని ఎడమవైపు తిప్పి, ఈమధ్య అడ్డంగా కట్టిన తాడు దాకా, ఆ అల్మారా ముందుకి తీసుకెళ్ళి ఆపు. బ్రేక్ వెయ్యి. కార్డు చదివి వినిపించకు, ఆ ప్రార్థన సంగతి ఆవిడకెందుకు. నేను ఈ ఏడు అడ్డం నుంచోను. పక్కనే ఉంటాను, పారిపోను.

అదుగో వచ్చేస్తున్నారు. కళ్ళు తుడుచుకో. ఆఁ, రండి రండి, ఏం లేదు, మీ మనవరాలికి ఈ ఇంటి చరిత్ర చెబుతున్నాను, అంతే. లేదమ్మా శ్రీవిద్యా, మెట్లేం లేవు, లిఫ్టుంది, పద. అవునూ, కళ్ళజోడు తెచ్చుకున్నారా వదినా?